అంటించని కవరు

కాల్డర్, టెక్సాస్
1996 అక్టోబరు 13, ఆదివారం

అత్తయ్యకు,

మీ తుంటి ఎముక అతుక్కుందని, కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారని మార్జ్ వదిన ఫోనులో చెప్పింది. మీకు ఫోనులో వినపడదు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే రాస్తాను. అడుగున లోటీ కూడా రెండు ముక్కలు రాస్తుంది. దాని చేతిరాత చూసి నన్నేమీ అనకండి.

మేము కొత్త ఇంట్లో చేరాం. టీచర్ల కోసం బడివాళ్ళు కట్టించిన మూడిళ్ళలో చివరిది. పడమటి గాలికి తలుపు సందుల్లోంచి దుమ్ము వస్తుంది, గుడ్డలు కుక్కాను. మీరు పాతికేళ్ళు వండి వడ్డించిన బడి వంటగది వెనక తలుపు మా కిటికీలోంచి కనిపిస్తుంది.

ట్రైనింగు కాలేజీకి పోకుండా టీచరెట్లా అయ్యావని అడిగారు. ఇంకా అవలేదు. డిగ్రీ ఉండి, వేరే పనుల్లో ఉన్నవాళ్ళు బడిలోకి రావడానికి ఒక దారి పెట్టారు. వేసవిలో ఆరు వారాలు మాకు పాఠాలు చెప్పారు. ఇప్పుడు ఏడాదిపాటు తాత్కాలిక అనుమతి మీద జీవశాస్త్రం చెబుతున్నాను. రెండు పరీక్షలు ప్యాసవాలి. పట్నం నుంచి ఇబార్రా గారని ఒకావిడ వచ్చి వెనక బెంచీలో కూర్చుని నా పాఠం చూస్తుంది. ఏడాది చివర ఆవిడా, ప్రిన్సిపల్ హస్కల్ గారూ సంతకం పెడితే ఆగస్టులో అసలు లైసెన్సు వస్తుంది. పెట్టకపోతే ఉద్యోగమూ ఉండదు, ఈ ఇల్లూ ఉండదు. మీ అబ్బాయి లైల్ పోయాక కౌలు పొలం వదులుకున్నాం. నేను పనిచేసే పశువుల ఆసుపత్రి మూసేసి డాక్టరు వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో నాకు మరో పని లేదు.

ఇబార్రా గారు ఒకసారి వచ్చి వెళ్ళింది. పన్నెండేళ్ళు పశువుల దగ్గర పనిచేసిన అలవాటు కదా, అల్లరి చేసే కుర్రాడి దగ్గరికి మాట్లాడకుండా పక్కనుంచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. వాడు ఊరుకున్నాడు. ఆవిడ మాత్రం తర్వాత, "వాడు దూడ కాదమ్మా" అంది.

ఈ దారి పెట్టినవాళ్ళ నిబంధనల కాగితం జత చేస్తున్నాను. తీరికగా చదువుకోండి.

నాడీన్

నానమ్మా, మా ఇంటి వెనక కొమ్ముల కప్ప ఉంది, పేరుకే కప్ప, నిజానికి బల్లి. అమ్మ దాన్ని క్లాసుకి పట్టుకుపోతానంటోంది. వద్దని చెప్పు. — లోటీ


ఈనిడ్, ఓక్లహోమా
అక్టోబరు 24

నాడీన్‌కి,

కప్ప జోలికి పోకు. పిల్ల అడిగింది కదా.

కాగితం చదివాను. అచ్చు మరీ చిన్నది, భూతద్దం పెట్టుకోవాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. నాలుగేళ్ళు చదివి వచ్చినవాళ్ళే ఆ పిల్లల ముందు నిలబడలేక నా వంటగదిలోకి వచ్చి ఏడ్చేవాళ్ళు. ఆరు వారాల్లో నీకేం నేర్పారు? కోప్పడకు, పెద్దదాన్ని, అనిపించింది రాశాను.

హస్కల్‌ని నమ్మచ్చు, కానీ కనిపెట్టి ఉండు. మూడో క్లాసులో బఠాణీలు తినలేక ఖాళీ పాలడబ్బాలో దాచేవాడు. పారెయ్యడు, చెప్పడు, దాస్తాడు. మనుషులు మారతారంటారు గానీ నేనైతే చూడలేదు.

లైల్ పోయి ఈ నెల పందొమ్మిదికి రెండేళ్ళు. నువ్వు ఆ మాట రాయలేదు, నేనూ రాయకూడదనుకున్నాను. ఆ వారం పొలంలో పత్తి అట్లాగే ఉండిపోతే ఎవరూ పిలవకుండానే పదకొండు పత్తి తీసే యంత్రాలు వచ్చాయి. రాయ్స్ టీగ్ తన వెల్డింగు క్లాసు పిల్లల్ని తెచ్చి ట్రైలర్లు లాగించాడు. పొద్దుగూకకముందే చేను ఖాళీ అయింది. నేను చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె చేసిపెట్టాను. ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. చెబితే తప్పు పట్టేవాళ్ళు. వాళ్ళకి అవసరం వచ్చినప్పుడు మనం వెళ్ళాలి, అంతే.

ఓపల్


కాల్డర్
డిసెంబరు 15

అత్తయ్యా,

మీరు రాసిన ఆ అవసరం వచ్చేసింది. టీగ్ గారికి గుండెలో వాల్వు పాడైంది. ఆపరేషను చేశారు. ఫిబ్రవరి దాకా బరువెత్తకూడదట, బడికి రాకూడదట.

వెల్డింగు క్లాసులు చెప్పడానికి పట్నంలో మనిషి దొరకలేదు. హస్కల్ గారు వరండాలో నిలబడి, "షెడ్డుకి తాళం వేసి ఆ కుర్రాళ్ళని ఇళ్ళకు పంపెయ్యడమే" అన్నారు. నేను చూస్తానన్నాను. ఆలోచించలేదు. లైల్ బతికుండగా ట్రాక్టరు నాగళ్ళన్నీ నేనే అతికించేదాన్ని, మీకు తెలుసు. హస్కల్ గారు, "బంగారం లాంటి మాట" అని వెంటనే టైంటేబులు మార్చేశారు. తొమ్మిదో తారీకు నుంచి రోజంతా షెడ్డులోనే ఉంటున్నాను. నా బయాలజీ గదిలో డాకిన్స్ గారు కూర్చుంటోంది, ఎవరైనా రానప్పుడు పిలిపించే ఆవిడ. పిల్లలకి ఇవ్వాల్సిన ప్రశ్నలన్నీ నేనే రాసిస్తున్నాను.

కుర్రాళ్ళు టీగ్ గారి గురించే అడుగుతున్నారు. బావి పంపుకుండే ఫుట్‌వాల్వు చూపించి, గుండెలోనూ ఇట్లాంటివి నాలుగుంటాయని చెప్పాను.

"అంటే టీగ్ గారిది లీకయిందా మేడం?" అన్నాడు డెల్బర్ట్. వాడే వీళ్ళందరికీ నాయకుడు.

"లీకయింది. మార్చారు."

"మనమే మార్చేవాళ్ళం గదా, మధ్యాహ్నం కల్లా అయిపోయేది."

చాలా రోజుల తర్వాత నవ్వాను.

నాడీన్

నానమ్మా, అమ్మ వెల్డింగు టోపీ పెట్టుకుంటే నేను గుర్తే పట్టలేకపోయాను. కప్ప ఇంకా మా దగ్గరే ఉంది. — లోటీ


ఈనిడ్
1997 జనవరి 5

నాడీన్‌కి,

మంచి పనే చేశావు. ఇక్కడ చర్చిలో అందరికీ చెప్పాను, మా కోడలు పొద్దున బయాలజీ, మధ్యాహ్నం వెల్డింగు చెప్పగలదని. చెప్పాల్సిన చోట కూడా చెప్పాను.

ఇంకో సంగతి. కాల్డర్ నుంచి ఒక స్నేహితురాలు రాసింది, నీ బండి వారంలో మూడు సాయంత్రాలు రాయ్స్ టీగ్ ఇంటి ముందు కనబడుతోందని. టీగ్ భార్య పోయి ఆరేళ్ళు. నేను ఏమీ అనడం లేదు. ఊరు చిన్నది అని మాత్రం అంటున్నాను. లోటీకి పదకొండేళ్ళు, అన్నీ అర్థమయ్యే వయసు.

మార్జ్ వాళ్ళింట్లో ఉప్పు లేకుండా వండుతారు. డాక్టరు చెప్పాడట. ఆ డాక్టరుకి ఇరవై ఎనిమిదేళ్ళు.

ఓపల్


కాల్డర్
ఫిబ్రవరి 2

అత్తయ్యా,

ముందు మీ మాటకి జవాబు. టీగ్ గారు మీ అబ్బాయి పొలంలో పత్తి తీసిన మనిషి. సాయంత్రాలు హాజరు పుస్తకం పట్టుకెళ్తే, ఏ కుర్రాడి చేతికి ఏ పని ఇవ్వచ్చో, ఎవడి కళ్ళు ఎక్కడ తిరుగుతాయో చెబుతారు. లోటీ నా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. అంతకు మించి ఏమీ లేదు. ఉంటే మీకు ముందే చెప్పేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. ఏప్రిల్లో రావాల్సిన ఇబార్రా గారు మొన్న శుక్రవారం చెప్పకుండా వచ్చింది. తిన్నగా షెడ్డులోకే వచ్చింది. నేను తోలు కోటు వేసుకుని, మొహం మీద ముసుగుతో ఉన్నాను.

"ఇక్కడేం చేస్తున్నారు?" అంది.

"టీగ్ గారికి ఒంట్లో బాగాలేదండీ. ఎవరో ఒకరు చూడాలి కదా."

"మీ బయాలజీ క్లాసు?"

"డాకిన్స్ గారు చూస్తున్నారు."

"ఆవిడకి లైసెన్సుందా?"

"లేదండీ."

"ఎన్ని రోజులుగా?"

నిజమే చెప్పాను. ఆ రోజుతో ముప్పై.

"ఈ ముప్పై రోజులు మీ ఏడాదిలోకి రావు. మీ అనుమతి బయాలజీకి. ఇనప పనికి కాదు. ముప్పై తగ్గితే నేను సంతకం పెట్టలేను."

"పక్కమనిషికి సాయం చేశానండీ. ఇక్కడ అందరం అంతే."

"నాకు అర్థమైంది. నా ఫారంలో దానికి గడి లేదు."

కోపంగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. నిబంధన ఆ చిన్న అచ్చులో ఉందట. నేను చదివాను, కానీ ఇది దానికి వర్తిస్తుందని తట్టలేదు. హస్కల్ గారికీ తట్టలేదు. ఆవిడ వెళ్ళాక ఆయన తలుపు వేసి, "నువ్వు రోజంతా బయాలజీ గదిలోనే ఉన్నావని రాసిస్తాను. ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెబుతారు" అన్నారు. మీ బఠాణీలు గుర్తొచ్చాయి. "ఆవిడ కళ్ళారా చూసింది కదండీ. చూడకపోయినా వద్దు" అన్నాను. రేపు సోమవారం నుంచి మళ్ళీ బయాలజీకి వెళ్తున్నాను. షెడ్డుకి తాళం పడింది.

ఇంకొకటుంది. ఎవరో ఉత్తరం రాశారట. అందుకే వచ్చానంది ఇబార్రా గారు. పేరు చెప్పలేదు. సంచీలో కవరు అంచు కనిపించింది. నా గదిలో రోజూ కూర్చున్నది ఒక్కరే. డాకిన్స్‌కి ఆ ఉద్యోగం కావాలని ఎప్పట్నుంచో ఉంది. రాసింది ఆవిడే, నాకు సందేహం లేదు.

నాడీన్


ఈనిడ్
ఫిబ్రవరి 10

నాడీన్‌కి,

నీ ఉత్తరం అందింది. కంగారు పడకు. ఏదో ఒకటి చెయ్యచ్చు.

ఆవిడ నిజంగానే పేరు చెప్పలేదా? ఊరి పేరైనా?

లోటీకి స్వెట్టరు అల్లి పంపుతున్నాను. చేతులు పొడుగైతే మడిచి కుట్టు. ఇక్కడ మంచు పడుతోంది.

ఓపల్


కాల్డర్
మార్చి 9

అత్తయ్యా,

స్వెట్టరు సరిపోయింది.

పేరు చెప్పలేదు, ఊరూ చెప్పలేదు. అవసరం కూడా లేకపోయింది. టీచర్ల గదిలో అందరి ముందూ డాకిన్స్‌ని అడిగేశాను. క్రిస్మస్‌కి ఆవిడ ఇచ్చిన పెకాన్ గింజల మిఠాయి తాలూకు పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది తీసుకుని, ఆ ఉత్తరంలో ఏం రాశావో చెప్పు" అన్నాను. ఆవిడ ఎర్రబడింది. "రాయాల్సొస్తే నీ మొహం మీదే చెప్పేదాన్ని నాడీన్. నాకు స్టాంపులు దండగ" అంది. నేను నమ్మలేదు. ఇప్పుడు మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. నేను వెళ్తే టీచర్ల గదిలో కబుర్లు ఆగిపోతున్నాయి.

రెండు పరీక్షలూ ప్యాసయ్యాను. ఆ మాట మీకు ముందు రాయాల్సింది.

ఇబార్రా గారు పైవాళ్ళతో మాట్లాడి ఒక వెసులుబాటు తెచ్చింది. జూన్ 2 నుంచి జూలై 14 దాకా ముప్పై రోజులు వేసవి బయాలజీ క్లాసు నడిపితే తగ్గిన రోజులు పూడతాయి. రిజిస్టరులో మొదటి రోజుకి పదిమంది ఉండాలి. తొమ్మిదైతే కుదరదు. మన బడిలో వేసవి క్లాసు ఎప్పుడు జరిగింది చెప్పండి? జూన్ వస్తే ప్రతి పిల్లా పత్తి చేలో పార పట్టుకుని కలుపు తీస్తుంటుంది. తప్పినవాళ్ళైతే రావాల్సిందే గానీ, నా క్లాసులో తప్పేలా ఉన్నది ఇద్దరే.

హస్కల్ గారు ఏమన్నారో రాస్తాను. "ఇంకో ఎనిమిది మందిని ఫెయిలు చెయ్యి. క్లాసు నిండుతుంది. వాళ్ళకీ ఇంకాస్త చదువొస్తుంది, ఎవరికీ నష్టం లేదు."

మార్కుల పుస్తకం తీసి చూశాను. డెబ్బైకి ప్యాసు. డెబ్బై నుంచి డెబ్బైమూడు మధ్యలో సరిగ్గా ఎనిమిది మంది ఉన్నారు. తలా నాలుగు మార్కులు తగ్గిస్తే చాలు, ఎవరూ అడగరు. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను గానీ ఆ ఎనిమిది పేర్లూ నాకు నోటికొచ్చేశాయి.

నాడీన్


ఈనిడ్
మార్చి 20

నాడీన్‌కి,

డాకిన్స్ రాయలేదు. నేను రాశాను.

నువ్వు పంపిన కాగితం మీద చిరునామా ఉంది కదా. జనవరిలో దానికి రాశాను. మా కోడల్ని బాగా తయారుచేశారు, ఒకరు జబ్బుపడితే వెల్డింగు కూడా చెబుతోంది అని. వాళ్ళు సంతోషిస్తారనుకున్నాను. నా రోజుల్లో కూరలు తరిగే మనిషి రాకపోతే రొట్టెలు చేసే మనిషే తరిగేది. తరిగినందుకు ఆ మనిషి రోజు కొట్టెయ్యడం నేనెక్కడా చూడలేదు.

ఇంతవరకే అయితే తెలియక చేశానని రాసి ఊరుకునేదాన్ని. ఇంకొక వాక్యం కూడా రాశాను. ఉండకూడని వాక్యం. టీగ్ గురించి. గర్వంగా రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను, ఆ వాక్యం రాసేటప్పుడు మాత్రం కాదు. లైల్ స్థానంలోకి ఇంకొకరు వస్తారేమోనని.

ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది. నువ్వు డాకిన్స్ పేరు రాసేసరికి ఊరుకున్నాను.

ఆ ఎనిమిది మంది జోలికి పోకు. వంటగదిలో వారానికోసారి ఒక మనిషి తిండి తక్కువ పడేది. అప్పుడు అందరికీ గరిటె కాస్త తగ్గించి వేసేదాన్ని. ఒకడి పళ్ళెం లాక్కున్నది లేదు.

ఓపల్


ఈనిడ్
ఏప్రిల్ 27

నాడీన్‌కి,

అయిదు వారాలైంది. నువ్వు రాయలేదు. లోటీ కూడా రాయలేదు. మార్జ్ ఫోను చేస్తే బాగున్నామని చెప్పి పెట్టేశావట. రాయకపోవడం నీ ఇష్టం. ఇది మాత్రం చదువు.

ఈ కవర్లో ఇంకో కవరుంది. యూసేబియా రాంగెల్‌కి. వంటగదిలో నాతో పనిచేసిన పిల్ల, ఇప్పటికీ అక్కడే ఉంది. పదహారేళ్ళప్పుడు కడుపుతో బడి మానేసింది. బిడ్డ పుట్టాక బడివాళ్ళు మళ్ళీ రమ్మని వంటగదిలోకే వచ్చి అడిగారు. అప్పుడు ఇద్దరు మనుషులు తక్కువగా ఉన్నారు నాకు. "దీనికి చదువెందుకు, చెయ్యి చూడండి ఎంత చురుకో" అని నేనే పంపేశాను. అది నా వెనకే నిలబడి వింది. అప్పటికి సగంలో వదిలేసింది బయాలజీయే. ఇప్పుడు దానికి ఇరవై. ఇరవై ఒకటి నిండేదాకా బడిలో చేరే హక్కుందట, మార్జ్ కనుక్కుంది. దాని పుట్టినరోజు అక్టోబరులో.

కవరు అంటించలేదు. చదువు. పంపదగ్గది కాదనుకుంటే పొయ్యిలో పడెయ్. నన్నడగక్కర్లేదు.

ఓపల్


కాల్డర్
మే 29

అత్తయ్యా,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి ఏం రాయాలో తెలియక రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టాను. కోపం పోలేదు. పోయిందని రాస్తే మీకే తెలుస్తుంది.

డాకిన్స్ గారింటికి వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. తప్పు నాదేనని చెప్పాను. ఎవరు రాశారో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. "నేను కాదని తెలిసింది కదా, చాలు" అని లోపలికి వెళ్ళి అదే పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది ఖాళీగా తిరిగిరావడం మా ఇంట్లో పద్ధతి కాదు." ఏదో ఒకటి చేసి తీసుకెళ్ళాలి.

మార్కులు ఇచ్చేశాను. తప్పినవాళ్ళు ఇద్దరు. ఎనిమిది మందీ ప్యాసయ్యారు. హస్కల్ గారు జాబితా చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ మర్నాడు డెల్బర్ట్, ఇంకో ఆరుగురు షెడ్డు కుర్రాళ్ళు వచ్చి వేసవి క్లాసుకి పేర్లు రాయించుకున్నారు. నేను పిలవలేదు. ఎందుకొచ్చార్రా అంటే, "పొద్దున అయిదింటి నుంచి పదింటి దాకే కలుపు తీస్తాం మేడం. తర్వాత ఎండకి పాములు కూడా బయట తిరగవు. మీ గదిలో ఏసీ ఉంది" అన్నాడు. మిగతావాళ్ళు బూట్లకేసి చూస్తూ నిలబడ్డారు. టీగ్ గారు ఏమైనా చెప్పారా అని అడిగితే అందరూ ఒకేసారి తలుపు వైపు నడిచారు.

ఏడు, రెండు. తొమ్మిది. సోమవారం మొదటి రోజు.

మీ కవరులోది చదివాను. రెండుసార్లు. అంటించాను. పోస్టులో వెయ్యకుండా నేనే తీసుకెళ్ళాను. యూసేబియా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అక్కడే చదివింది.

"ఓపల్ గారు తప్పయిందని రాసిందా! కూరలో ఉప్పెక్కువైందని కూడా ఒక్కనాడు ఒప్పుకోలేదే" అంది.

"వస్తావా?" అన్నాను.

"మీ కోసమా, ఆవిడ కోసమా?"

"తొమ్మిది మందే ఉన్నారు" అన్నాను. ఉన్న మాట అదే. తను ఉత్తరం మడిచి బట్టల క్లిప్పుల బుట్టలో పెట్టుకుంది. "చూస్తాను" అంది.

నాడీన్


కాల్డర్
ఆగస్టు 17

అత్తయ్యా,

జూన్ రెండున ఇరవై నిమిషాలు ఆలస్యంగా, నాలుగేళ్ళ బిడ్డని చంకనేసుకుని యూసేబియా వచ్చింది. హస్కల్ గారు రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉన్నారు. నేను బోర్డు వైపు తిరిగి తారీకు రాశాను, రాసినదాన్నే మళ్ళీ రాశాను. బిడ్డని వెనక గదిలో లోటీ ఆడించింది. ముప్పై రోజులూ అంతే. డాకిన్స్ గారు రెండుసార్లు ఇద్దరికీ తినడానికి తెచ్చిపెట్టింది.

ఇరవయ్యొకటో రోజున ఇబార్రా గారు వచ్చింది. ఆ రోజు కబేళా నుంచి ఎద్దు గుండె తెప్పించాను. కుర్రాళ్ళు చేతికొచ్చినట్టు కోస్తున్నారు. యూసేబియా కత్తి తీసుకుని ఒక్క కోతతో విప్పింది, లోపలి వాల్వుకి గీత కూడా పడలేదు.

"ఈ కోత ఎక్కడ నేర్చుకున్నావు?" అంది ఇబార్రా గారు.

"బడి వంటగదిలోనండీ. ఓపల్ గారు."

డెల్బర్ట్ వాల్వులోకి వేలుపెట్టి, "చూశారా, ఫుట్‌వాల్వే. నీళ్ళు పైకి పోతాయి, కిందికి రావు" అని ఆవిడకే పాఠం చెప్పాడు. ఆవిడ ఏదో రాసుకుంది. ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేసి వాణ్ని కూర్చోబెట్టాను. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు.

జూలై పద్నాలుగున సంతకం పెట్టింది. మొన్న తొమ్మిదిన లైసెన్సు వచ్చింది. నా పేరు సరిగ్గానే రాశారు. ఇల్లు మాకే ఉంటుంది. యూసేబియాకి ఎనభై ఒకటి వచ్చాయి. ఈ నెలలో రెండు సబ్జెక్టులకి చేరుతోంది, పొద్దున వంటగది, మధ్యాహ్నం క్లాసు. టీగ్ గారు షెడ్డు తెరిచారు.

సంతకం పెట్టిన రోజున ఇబార్రా గారు సంచీలోంచి ఆ కవరు తీసి నా చేతిలో పెట్టింది. "దీన్ని ఫైల్లో పెట్టలేదు. మీ దగ్గరే ఉండాలి" అంది. చదివాను. మూడు పేజీలు. మీరు నా గురించి నాతో ఎప్పుడూ అనని మాటలు దాదాపు మూడు పేజీలున్నాయి. లైల్ పోయిన వారం నేను ఏడవకుండా ట్రైలర్ల బోల్టులు బిగించడం మీరు కిటికీలోంచి చూశారని నాకు తెలియదు. ఒక్క వాక్యం ఉంది, "మా కోడలు తన క్లాసులో కంటే టీగ్ గారి షెడ్డులోనే ఎక్కువ ఉంటోంది, అది మీకు తెలుసో లేదో" అని. దాని మీద ఇంకా కోపంగానే ఉంది. మిగతా మూడు పేజీలు దాచుకున్నాను.

అక్టోబరులో మార్జ్ వదిన మిమ్మల్ని ఇక్కడ దింపుతానంటోంది. వంటింటి కిటికీ పక్కన మంచం వేశాను. అక్కణ్ణుంచి బడి వంటగది తలుపు కనిపిస్తుంది, ఎవరు ఎన్నింటికి వస్తున్నారో చూసుకోవచ్చు. ఇక్కడ ఉప్పు వేసే వండుతాను.

ఈలోగా ఎవరికైనా ఉత్తరం రాయాలనిపిస్తే కవరు అంటించకుండా ముందు నాకు పంపండి. స్టాంపులు జత చేస్తున్నాను.

మీ కోడలు
నాడీన్

నానమ్మా, కప్పని వదిలేశాం. పది నిమిషాలు కదలకుండా అక్కడే కూర్చుంది, తర్వాత వెళ్ళిపోయింది. — లోటీ